అంకెల వెనక ఆట

2016 సెప్టెంబర్ 24. లండన్‌లోని ఎమిరేట్స్ స్టేడియం. విరామం వేళకి స్కోరు ఆర్సెనల్ 3, చెల్సీ 0. అంతకుముందు సీజన్‌లో పదో స్థానానికి జారిపోయిన చెల్సీని మళ్లీ నిలబెట్టడానికని ఇటలీ నుంచి వచ్చిన కోచ్ ఆంటోనియో కాంటేకి అది ఆరో లీగ్ మ్యాచ్. అప్పటిదాకా అతను జట్టును ఇంగ్లండ్‌లో అందరికీ అలవాటైన పద్ధతిలోనే, వెనక నలుగురు డిఫెండర్లతో ఆడించాడు. 55వ నిమిషంలో మిడ్‌ఫీల్డర్ సెస్క్ ఫాబ్రెగాస్‌ను బయటికి పిలిచి, ఎడమ పక్కన ఆడే మార్కోస్ అలాన్సోను లోపలికి పంపాడు. వెనక నలుగురు ఉండే చోట ముగ్గురు మిగిలారు. స్కోరు మాత్రం మారలేదు. చెల్సీ 0-3తోనే ఓడి ఇంటికి వెళ్లింది. పట్టికలో ఎనిమిదో స్థానం, అగ్రస్థానంలో ఉన్న మాంచెస్టర్ సిటీకి ఎనిమిది పాయింట్ల దూరం.

వారం తిరిగాక హల్ సిటీ మీద కాంటే మొదటి నిమిషం నుంచే ఆ ముగ్గురితో దిగాడు. 2-0తో గెలిచాడు. ఆ తర్వాత లెస్టర్ మీద 3-0, మాంచెస్టర్ యునైటెడ్ మీద 4-0, సౌతాంప్టన్ మీద 2-0, ఎవర్టన్ మీద 5-0, మిడిల్స్‌బరో మీద 1-0. ఆరు మ్యాచ్‌ల్లో 17 గోల్స్ కొట్టి, ఒక్కటి కూడా ఇవ్వలేదు. వరస గెలుపులు పదమూడుకి చేరాయి. సీజన్ ముగిసేసరికి 93 పాయింట్లు, 38 మ్యాచ్‌ల్లో 30 విజయాలు, లీగ్ టైటిల్.

ఆ వారంలో చెల్సీ కొత్తగా ఎవర్నీ కొనలేదు. ఉన్నవాళ్లే నిలబడే చోటు మారింది. అంత చిన్న మార్పు అంత పెద్ద ఫలితాన్ని ఎలా ఇచ్చిందో తెలియాలంటే ఒక్కొక్కరినీ చూడాలి. డేవిడ్ లూయిజ్ దూకుడుగా ముందుకు దూసుకెళ్లే డిఫెండర్. మధ్యన కాసే ఇద్దరు డిఫెండర్లలో ఒకడిగా ఆడితే అతను వదిలివెళ్లిన చోటు ఖాళీగా ఉండిపోయేది. ముగ్గురిలో మధ్యన నిలబెడితే రెండు పక్కలా కాపలా ఉంటుంది, దూరంగా పాస్ ఇవ్వగల అతని పాదానికీ పని దొరుకుతుంది. ఫుల్ బ్యాక్‌గా, అంటే అంచున కాసే డిఫెండర్‌గా ఆడే సెసార్ అస్పిలిక్వెటాను ఆ ముగ్గురిలో కుడివైపు సెంటర్ బ్యాక్‌ని చేశాడు. కుడి అంచు మొత్తం విక్టర్ మోజెస్‌కి అప్పగించాడు. ఈ మోజెస్‌ని చెల్సీ మూడు సీజన్ల పాటు లివర్‌పూల్‌కి, స్టోక్‌కి, వెస్ట్‌హామ్‌కి అరువిచ్చింది. క్లబ్‌లో ఎవరికీ పనికిరాడనుకున్న వింగర్‌కి, గోల్ గీత నుంచి గోల్ గీత దాకా పరుగెత్తే వింగ్ బ్యాక్ పని అతికినట్టు సరిపోయింది. ఎడమ అంచున అలాన్సో అదే పని చేశాడు. అంచుల్ని వీళ్లిద్దరూ చూసుకుంటుంటే, అప్పటిదాకా ప్రత్యర్థి ఫుల్ బ్యాక్ వెంట వెనక్కి పరుగెత్తాల్సి వచ్చిన ఎడెన్ హజార్డ్‌కి ఆ చాకిరీ తప్పింది. అతను గోల్‌కి దగ్గరగా, లోపలి వైపు ఆడాడు. మధ్యలో మిడ్‌ఫీల్డర్లు ఎన్గోలో కాంటే, నెమాన్యా మాటిచ్ అడ్డుగోడలా నిలిచారు. అంతా కలిపి కాగితం మీద రాస్తే 3-4-3.

ఈ అంకెల లెక్క తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. గోల్‌కీపర్‌ని వదిలేసి మిగతా పదిమందిని వెనక నుంచి ముందుకు లెక్కపెడతారు. 4-4-2 అంటే నలుగురు డిఫెండర్లు, నలుగురు మిడ్‌ఫీల్డర్లు, ఇద్దరు స్ట్రైకర్లు. 4-3-3 అయితే మధ్యలో ముగ్గురు, ముందు ముగ్గురు. 4-2-3-1లో మిడ్‌ఫీల్డ్ రెండు వరసలుగా చీలుతుంది. అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడే మైదానం సాధారణంగా 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు. అంత నేలని పదిమంది ఒకేసారి కాయడం ఎవరి వల్లా కాదు. ఎక్కడో ఒకచోట ఖాళీ వదలక తప్పదు. ఏ ఖాళీని వదలాలి, అవతలివాళ్లు వదిలిన ఖాళీలోకి ఎవర్ని పంపాలి అన్న రెండు ప్రశ్నలకు కోచ్ ఇచ్చే జవాబే ఫార్మేషన్.

ప్రత్యర్థి ఇద్దరు స్ట్రైకర్లతో మీదికొస్తే వెనక ముగ్గురున్న జట్టుకి ఎప్పుడూ ఒకడు మిగులుతాడు. బంతి అతని కాళ్ల దగ్గరికి చేరితే అడ్డుకునేవాడు ఉండడు, తలెత్తి చూసి నిదానంగా పాస్ ఇస్తాడు. మధ్యలో ఇద్దరికి ఎదురుగా ముగ్గురున్నా ఇదే లెక్క. ఇలా చేతులు ఖాళీగా ఉన్న ఆ ఒక్క మనిషి కోసమే నూరేళ్లుగా కోచ్‌లు బుర్రలు బద్దలు కొట్టుకుంటున్నారు.

కథ నిజానికి ఒక నిబంధన మార్పుతో ఊపందుకుంది. 1925 దాకా బంతి అందుకునే ఫార్వర్డ్‌కీ గోల్ గీతకీ మధ్య ప్రత్యర్థులు కనీసం ముగ్గురుంటేనే ఆఫ్‌సైడ్ కాదు. ఆ ఏడాది ముగ్గురిని ఇద్దరికి తగ్గించారు. ఒక్కసారిగా గోల్స్ వెల్లువెత్తాయి. ఆర్సెనల్ మేనేజర్ హెర్బర్ట్ చాప్‌మన్ మైదానం నడుమ తిరిగే సెంటర్ హాఫ్‌ని వెనక్కి లాగి, ఇద్దరు ఫుల్ బ్యాక్‌ల మధ్య మూడో డిఫెండర్‌గా నిలిపాడు. పై నుంచి చూస్తే ముందు అయిదుగురు డబ్ల్యూ ఆకారంలో, వెనక అయిదుగురు ఎమ్ ఆకారంలో కనిపించే ఆ పద్ధతి ఇంగ్లండ్‌ని పాతికేళ్లకు పైగా ఏలింది. చొక్కా మీది నంబర్లు కూడా ఆడే చోటుని బట్టి స్థిరపడ్డాయి. 9వ నంబర్ అంటే సెంటర్ ఫార్వర్డ్. అతన్ని పట్టుకోవడం 5వ నంబర్ సెంటర్ హాఫ్ బాధ్యత. అందులో ఎవరికీ సందేహం ఉండేది కాదు.

సందేహం 1953 నవంబర్ 25న వెంబ్లీలో పుట్టింది. గుస్తావ్ షెబెష్ శిక్షణలో వచ్చిన హంగరీ జట్టులో 9వ నంబర్ వేసుకున్నవాడు నాందోర్ హిదెగ్కుటి. అతను ముందు నిలబడడు. మిడ్‌ఫీల్డ్‌లోకి దిగిపోయి అక్కడి నుంచి ఆట నడుపుతాడు. ఇంగ్లండ్ 5వ నంబర్ హ్యారీ జాన్‌స్టన్‌కి రెండే దారులు. అతని వెంట వెళ్తే గోల్ ముందు తను కాయాల్సిన చోటు ఖాళీ అవుతుంది, అందులోకి ఫెరెంక్ పుష్కాష్ దూసుకొస్తాడు. వెళ్లకపోతే హిదెగ్కుటి తీరిగ్గా బంతి అందుకుని తనే గోల్ వైపు తిరుగుతాడు. జాన్‌స్టన్ ఆ మధ్యాహ్నమంతా తేల్చుకోలేకపోయాడు. హిదెగ్కుటి మొదటి నిమిషంలోనే గోల్ కొట్టి, మొత్తం మూడు చేశాడు. హంగరీ 6-3తో గెలిచింది. ఆరు నెలల తర్వాత బుడాపెస్ట్‌లో ఇంగ్లండ్‌ని 7-1తో చిత్తు చేసింది.

జాన్‌స్టన్ చేతకానివాడు కాడు. ఇంగ్లండ్ లీగ్‌లో పేరున్న డిఫెండర్, బ్లాక్‌పూల్ కెప్టెన్. అతని జ్ఞానం మొత్తం ఒక ఏర్పాటు మీద నిలబడి ఉంది, ఎదుటివాళ్లు ఆ ఏర్పాటుని ఒప్పుకోలేదు, అంతే. మళ్లీ అతను దేశానికి ఆడలేదు. అదే మ్యాచ్‌లో ఇంగ్లండ్ తరఫున పెనాల్టీ కొట్టిన ఆల్ఫ్ రామ్సేకి కూడా అది ఆఖరి అంతర్జాతీయ మ్యాచ్. పదమూడేళ్ల తర్వాత అతనే మేనేజర్‌గా, వింగర్లు లేని జట్టుతో ఇంగ్లండ్‌కి ప్రపంచకప్ తెచ్చాడు.

ఈ హంగరీ ప్రభావం మన హైదరాబాద్ దాకా వచ్చిందన్న సంగతి తెలుగువాళ్లలో చాలామందికి తెలియదు. తెలియాల్సిన విషయం. సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా బడిపంతులు. ఆటగాళ్లు ఆయన్ని రహీం సాబ్ అనేవారు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. అప్పట్లో కలకత్తా క్లబ్‌లే ఫుట్‌బాల్ అనుకునే దేశంలో అది చిన్న విషయం కాదు. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఏషియన్ గేమ్స్‌లో ఆయన శిక్షణలోని భారత జట్టు ఇరాన్‌ని ఓడించి స్వర్ణం తెచ్చింది. మరుసటి ఏడాదే హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగొస్లావియా చేతిలో 1-10తో ఘోరంగా ఓడింది. మనవాళ్లలో చాలామంది ఉత్త కాళ్లతో ఆడారు.

ఆ పది గోల్స్ తర్వాత రహీం చేసిన పనే ఆయన్ని గొప్పవాణ్ని చేసింది. ఆటగాళ్లని తిట్టి ఊరుకోలేదు, విధిని నిందించలేదు. యూరప్ జట్లు ఎలా నిలబడుతున్నాయి, ఎలా కదులుతున్నాయి అన్నది చదివారు. హంగరీలాగా సెంటర్ ఫార్వర్డ్‌ని వెనక్కి దించి ఆడించే పద్ధతిని మనవాళ్లకి నేర్పారు. వెనక నలుగురు, మధ్య ఇద్దరు, ముందు నలుగురు ఉండే 4-2-4ని 1958లో బ్రెజిల్ ప్రపంచానికి చూపించక ముందే రహీం ప్రయోగించారని మన ఫుట్‌బాల్ చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. ఫార్మేషన్ గీసినంత మాత్రాన కుర్రాళ్లు ఆడలేరని కూడా ఆయనకి తెలుసు. హైదరాబాద్‌లో డ్రిబ్లింగ్ చేయకూడదన్న షరతుతో, బలహీనమైన కాలితోనే ఆడాలన్న షరతుతో పోటీలు పెట్టేవారట. బంతిని కాలి దగ్గర అట్టిపెట్టుకునే అలవాటు మాన్పించి, వెంటనే పాస్ ఇచ్చి కదలడం నేర్పడానికి అంతకన్నా సూటి దారి లేదు.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మొదటి రౌండ్‌లో మనకి ఎదురుపడాల్సింది హంగరీయే. వాళ్లు తప్పుకోవడంతో భారత్ నేరుగా ముందుకెళ్లి, ఆస్ట్రేలియాని వాళ్ల దేశంలోనే 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. సెమీఫైనల్‌లో మళ్లీ యుగొస్లావియా. నాలుగేళ్ల కిందట పది గోల్స్ కొట్టిన ఆ జట్టు మీద ద్వితీయార్ధంలో డిసౌజా గోల్‌తో భారత్ ముందంజ వేసింది. చివరికి 1-4తో ఓడినా, పోటీల్లో నాలుగో స్థానం దక్కింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారత్ అంత దూరం మళ్లీ వెళ్లలేదు. సికింద్రాబాద్ అమ్ముగూడ నుంచి వచ్చిన తులసీదాస్ బలరాం, హైదరాబాద్ గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ ఆ తరం వాళ్లే.

రహీం తెలివి పతాకస్థాయికి చేరింది 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో. తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓటమి. థాయ్‌లాండ్ మీద గెలిచిన మ్యాచ్‌లో మన డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి గాయమై కుట్లు పడ్డాయి. తలకి కట్టుతో ఉన్న డిఫెండర్‌ని మరో కోచ్ అయితే బెంచీ మీద కూర్చోబెట్టేవాడు. రహీం అతన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకి పంపారు. జర్నైల్ ఆజానుబాహువు, చిన్నప్పుడు ఫార్వర్డ్‌గా ఆడిన అనుభవం ఉంది. అతను ముందున్నాడంటే ఇద్దరు డిఫెండర్లు అతనికే అతుక్కుపోవాలి. అప్పుడు పీకే బెనర్జీకి, చున్నీ గోస్వామికి, బలరాంకి చోటు దొరుకుతుంది. సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాం మీద జర్నైల్ గోల్ కొట్టాడు. ఫైనల్‌లో మళ్లీ దక్షిణ కొరియా. రాజకీయ వివాదం వల్ల జకార్తా స్టేడియంలో దాదాపు లక్షమంది మనకి వ్యతిరేకంగా అరుస్తున్నారు. ఇరవై నిమిషాల్లోపు పీకే ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. 2-1తో స్వర్ణం మనదైంది. అప్పటికే క్యాన్సర్‌తో ఉన్న రహీం 1963 జూన్‌లో కన్నుమూశారు. ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో భారత్‌కి ఆ తర్వాత స్వర్ణం రాలేదు. ఆయన కథతో 2024లో ‘మైదాన్’ సినిమా వచ్చింది గానీ, ఆ మనిషి గురించి పాఠ్యపుస్తకాల్లో చెప్పుకోవాల్సింది ఇంకా చాలా ఉంది.

ఇక్కడి నుంచి ఆధునిక కాలంలోకి వస్తే ఇటలీలో ఆగాలి. 1987లో ఏసీ మిలాన్ పగ్గాలు పట్టిన అరిగో సాకీ పెద్ద ఆటగాడేమీ కాడు, ఒకప్పుడు చెప్పులు అమ్మినవాడు. అతని జట్టు ఫార్మేషన్ మామూలు 4-4-2. కొత్తదనమంతా ఆ వరసల మధ్య దూరంలో ఉంది. ఆఖరి డిఫెండర్‌కీ ముందున్న స్ట్రైకర్‌కీ మధ్య పాతిక మీటర్లకు మించి ఎడం ఉండకూడదన్నాడు. బంతి అవతలివాళ్ల దగ్గరుంటే పదిమందీ ఒక్కటిగా ముందుకి జరగాలి, ఒక్కటిగా పక్కకి జరగాలి. కబడ్డీలో రైడర్ కూతకొచ్చినప్పుడు చేతులు పట్టుకున్న గొలుసు కదిలినట్టు కదలాలన్నమాట. ఒక్కడు చెయ్యి వదిలితే అందరికీ ముప్పు.

రూడ్ గులిట్, మార్కో వాన్ బాస్టెన్ లాంటి మహామహులకి ఇదంతా అనవసరపు కసరత్తులా తోచింది. సాకీ వాళ్లకో పరీక్ష పెట్టాడు. గోల్‌కీపర్‌తో పాటు నలుగురు డిఫెండర్లు ఒకవైపు. గులిట్, వాన్ బాస్టెన్‌లతో సహా పదిమంది మరోవైపు. సమయం పావుగంట. షరతు ఒక్కటే, బంతి పోగొట్టుకుంటే పదిమందీ తమ సగంలోకి పది మీటర్లు వెనక్కెళ్లి మళ్లీ మొదలుపెట్టాలి. సాకీ చెప్పిన ప్రకారం ఆ పదిమంది ఒక్క గోల్ కూడా కొట్టలేకపోయారు, ఎన్నిసార్లు ఆడినా. 1989లో ఆ మిలాన్ సెమీఫైనల్‌లో రియల్ మాడ్రిడ్‌ని 5-0తో, ఫైనల్‌లో స్టౌవా బుకారెస్ట్‌ని 4-0తో ఓడించి యూరోపియన్ కప్ ఎత్తింది. మరుసటి ఏడాది మళ్లీ ఎత్తింది.

అక్కడి నుంచి ప్రెసింగ్ అన్న మాట ప్రతి కోచ్ నోటా నానింది. బంతి పోగానే వెనక్కి పరుగెత్తకుండా, పోయినచోటే మీదపడి లాక్కోవడం. పెప్ గార్డియోలా బార్సిలోనా దాన్ని కళగా మార్చింది. ఆ గార్డియోలాయే 2009 మే 2న రియల్ మాడ్రిడ్ సొంత మైదానంలో లియొనెల్ మెస్సీని కుడి అంచు నుంచి తీసి మధ్యలో నిలబెట్టి, అక్కడి నుంచి వెనక్కి దిగమన్నాడు. హిదెగ్కుటి చేసిన పనే అది, యాభై ఆరేళ్ల తర్వాత. మాడ్రిడ్ డిఫెండర్లు క్రిస్టోఫ్ మెట్సెల్డర్, ఫాబియో కన్నవారో కూడా జాన్‌స్టన్‌లాగే ఎటూ తేల్చుకోలేకపోయారు. స్కోరు 6-2.

ఇవాళ టీవీలో మ్యాచ్ మొదలయ్యే ముందు చూపించే అంకెలు సగం సమాచారమే. బంతి చేతికొచ్చాక జట్టు ఒక ఆకారంలో ఉంటుంది, పోయాక మరో ఆకారంలోకి మారుతుంది. 2022-23లో మాంచెస్టర్ సిటీ దీనికి చక్కని ఉదాహరణ. కాగితం మీద నలుగురు డిఫెండర్లు. బంతి సిటీ దగ్గరికి రాగానే వాళ్లలో జాన్ స్టోన్స్ ముందుకి నడిచి, మిడ్‌ఫీల్డ్‌లో రోడ్రి పక్కన నిలబడేవాడు. వెనక ముగ్గురు, వాళ్ల ముందు ఇద్దరు, పైన అయిదుగురు. ప్రత్యర్థి స్ట్రైకర్‌కి ఇబ్బంది. అతను స్టోన్స్ వెంట వెళ్లాలా, మిగిలిన ముగ్గుర్ని పట్టుకోవాలా? ముందు ఎర్లింగ్ హాలండ్ ఉండనే ఉన్నాడు. ఆ సీజన్‌లో లీగ్‌లోనే 36 గోల్స్ కొట్టి రికార్డు నెలకొల్పాడు. సిటీ ప్రీమియర్ లీగ్, ఎఫ్ఏ కప్, చాంపియన్స్ లీగ్ మూడూ గెలిచింది. స్టోన్స్ చేసే పనికి కుదురుగా బంతి ఆడగలిగే డిఫెండర్ కావాలి. అలాంటివాడు లేని కోచ్ ఈ ఏర్పాటుని అరువు తెచ్చుకుంటే మధ్యలో బంతి పోయి, వెనక ముగ్గురే మిగిలి, గోల్ తినడం ఖాయం.

ఒక్క మ్యాచ్‌లోనే ఫార్మేషన్ ఎంత చేయగలదో, ఎక్కడ ఆగిపోతుందో రెండూ 2022 ప్రపంచకప్‌లో అర్జెంటీనా చూపించింది. ఆ జట్టు 36 మ్యాచ్‌ల పాటు ఓటమి ఎరగకుండా ఖతార్ వచ్చింది. తొలి మ్యాచ్‌లోనే సౌదీ అరేబియా డిఫెండర్లు ప్రాణాలకి తెగించి మైదానం మధ్య దాకా ముందుకొచ్చి నిలబడ్డారు. అర్జెంటీనా పదిసార్లు ఆఫ్‌సైడ్‌లో చిక్కింది, మూడు గోల్స్ రద్దయ్యాయి, 1-2తో ఓడింది. కోచ్ లియొనెల్ స్కలోని ఆ తర్వాత మొండికెత్తలేదు. ఎంజో ఫెర్నాండెజ్, అలెక్సిస్ మాక్ అలిస్టర్, యూలియన్ అల్వారెజ్ లాంటి కుర్రాళ్లకి చోటిచ్చాడు. నెదర్లాండ్స్ మీద వెనక అయిదుగురిని పెట్టాడు, క్రొయేషియా మీద మధ్యలో నలుగురిని పేర్చాడు.

ఫైనల్‌కి మరో పాచిక. కుడివైపు ఆడే ఏంజెల్ డి మరియాని ఎడమ అంచుకి పంపాడు. ఫ్రాన్స్ కుడివైపు కాసేది జూల్స్ కుండే, అసలు సెంటర్ బ్యాక్. అతని ముందున్న ఉస్మాన్ డెంబెలేకి వెనక్కొచ్చి కాపలా కాయడం బలం కాదు. 23వ నిమిషంలో డెంబెలే డి మరియాని పడగొట్టాడు, పెనాల్టీ, మెస్సీ గోల్. 36వ నిమిషంలో డి మరియా తనే మరోటి కొట్టాడు. 41వ నిమిషంలోనే ఫ్రాన్స్ కోచ్ డిడియర్ డెషాం డెంబెలేనీ ఒలివియె జిరూనీ బయటికి పిలిచేశాడు. విరామం లోపు ఫ్రాన్స్ గోల్ వైపు ఒక్క షాట్ కూడా కొట్టలేదు. 64వ నిమిషంలో అలసిన డి మరియాని స్కలోని తప్పించాడు. 80వ నిమిషంలో, 81వ నిమిషంలో కిలియన్ ఎంబాపె రెండు గోల్స్ కొట్టాడు. అదనపు సమయం ముగిసేసరికి 3-3. గోల్‌కీపర్ ఎమిలియానో మార్టినెజ్ చివరి క్షణాల్లో కాలు చాచి రాండల్ కోలో ముయానీ షాట్‌ని ఆపకపోయి ఉంటే, స్కలోని పాచిక గురించి ఇవాళ ఎవరూ మాట్లాడుకునేవారు కాదు. పెనాల్టీల్లో 4-2తో కప్పు అర్జెంటీనాకి వెళ్లింది.

కాబట్టి గెలిచిన జట్టు ఫార్మేషన్‌ని చూసి అదే మంత్రమనుకోవడం పొరపాటు. కోచ్ కాంటే చెల్సీకి కూడా ఒక వెసులుబాటు ఉంది. ముందు సీజన్‌లో పదో స్థానంలో ఉన్నందువల్ల ఆ ఏడాది యూరప్ పోటీలు లేవు, వారమంతా సాధనకి సమయం దొరికింది. అయినా ఎదుటివాళ్లు పాఠం నేర్చుకోవడానికి మూడు నెలలే పట్టింది. 2017 జనవరి 4న టాటెన్‌హామ్ కూడా ముగ్గురు డిఫెండర్లతోనే దిగి 2-0తో గెలిచి, పదమూడు గెలుపుల పరంపరకి అడ్డుకట్ట వేసింది. సీజన్ చివరికి ఆర్సెనల్ మేనేజర్ ఆర్సెన్ వెంగర్ సైతం ఏళ్ల తరబడి నమ్ముకున్న నలుగురిని వదిలి ముగ్గురికి మారాడు. ఎఫ్ఏ కప్ ఫైనల్‌లో చెల్సీని 2-1తో ఓడించాడు.

ఇదే ముగ్గురి ఏర్పాటు రెండు క్లబ్‌ల రాతల్ని పూర్తి వ్యతిరేక దిశల్లో రాసింది. పోర్చుగల్‌లో రూబెన్ అమోరిమ్ 3-4-3తో స్పోర్టింగ్ లిస్బన్‌కి రెండు లీగ్ టైటిళ్లు తెచ్చాడు. 2024 నవంబర్ 5న గార్డియోలా మాంచెస్టర్ సిటీని 4-1తో మట్టి కరిపించాడు. అదే నెలలో మాంచెస్టర్ యునైటెడ్ కోచ్‌గా వెళ్లి, అదే పద్ధతిని అమలు చేశాడు. యునైటెడ్ ఆ సీజన్‌ని 42 పాయింట్లతో 15వ స్థానంలో ముగించింది. ప్రీమియర్ లీగ్ మొదలయ్యాక ఆ క్లబ్‌కి అంతటి దుస్థితి ఎన్నడూ లేదు. కారణాలు వెతకడానికి దూరం వెళ్లక్కర్లేదు. అది నలుగురు డిఫెండర్లు, ఇద్దరు వింగర్ల ఆటకని కూర్చుకున్న జట్టు. అంచు పొడవునా పరుగెత్తగల వింగ్ బ్యాక్‌లు లేరు. ఎడమవైపు ఆడాల్సిన ల్యూక్ షా గాయాలతో సతమతమయ్యాడు. ఇద్దరే మిడ్‌ఫీల్డర్లు అంత నేలని కాయాలంటే ఉరకలెత్తే వయసు కావాలి, కాసెమిరో, ఎరిక్సన్ ఆ వయసు దాటారు. మార్కస్ రాష్‌ఫోర్డ్, ఆంటోనీ లాంటి వింగర్లు జనవరికల్లా అరువు మీద వేరే క్లబ్‌లకి వెళ్లిపోయారు. సీజన్ మధ్యలో, వారానికి రెండు మ్యాచ్‌ల నడుమ కొత్త ఆట నేర్పే తీరిక ఎక్కడిది? అమోరిమ్ మాత్రం తన ఏర్పాటుని మార్చడానికి ఒప్పుకోలేదు. నమ్మకం మంచిదే. కానీ రహీం జర్నైల్‌ని చూసి ఎత్తుగడ మార్చారు, ఎత్తుగడ కోసం జర్నైల్‌ని పక్కన పెట్టలేదు. కోచ్ పనితనం అక్కడ తెలుస్తుంది.

మరోవైపు జర్మనీలో బయర్ లెవర్కూసెన్. 2022 అక్టోబర్‌లో షాబీ అలాన్సో వచ్చేనాటికి ఆ జట్టు పద్దెనిమిది జట్ల లీగ్‌లో 17వ స్థానంలో ఉంది. క్లబ్ చరిత్రలో అప్పటికి ఒక్క లీగ్ టైటిల్ కూడా లేదు. అలాన్సో ముందు తన దగ్గరున్న మెరుపు వేగం జెరెమీ ఫ్రింపాంగ్‌ని గమనించాడు. డిఫెండర్‌గా ఆడిస్తే ఆ వేగం సగం వృథా. అతన్ని కుడి వింగ్ బ్యాక్‌గా ముందుకి జరిపాడు. 2023 వేసవిలో బెన్ఫికా నుంచి అలెహాండ్రో గ్రిమాల్డోని ఎడమ అంచుకి, ఆర్సెనల్ నుంచి గ్రనిత్ జాకాని మిడ్‌ఫీల్డ్‌కి తెచ్చుకున్నాడు. వెనక ముగ్గురు, మధ్య జాకా నిదానం, ముందు ఫ్లోరియన్ విర్ట్స్ చొరవ, రెండు అంచుల్లో ఇద్దరు రన్నర్లు. ఒక అంచు నుంచి వచ్చిన క్రాస్‌ని మరో అంచు నుంచి దూసుకొచ్చిన వింగ్ బ్యాక్ గోల్ చేయడం అక్కడ మామూలైపోయింది. లీగ్‌లో గ్రిమాల్డో 10 గోల్స్, ఫ్రింపాంగ్ 9 గోల్స్ కొట్టారు. చాలా జట్లలో స్ట్రైకర్లకే అన్ని గోల్స్ ఉండవు. 34 మ్యాచ్‌ల్లో 28 విజయాలు, 6 డ్రాలు, ఓటమి లేదు. బయర్న్ మ్యూనిక్ పదకొండేళ్ల వరస ఆధిపత్యం ముగిసింది.

అన్ని పోటీల్లో కలిపి 51 మ్యాచ్‌ల పాటు ఓటమి ఎరగని ఆ జట్టుని 2024 మే 22న డబ్లిన్‌లో, యూరోపా లీగ్ ఫైనల్‌లో, ఇటలీకి చెందిన అటలాంటా ఆపింది. దాని అప్పటి కోచ్ జాన్ పియెరో గాస్పెరీని ఖాళీ స్థలాలు కాయమని చెప్పే రకం కాదు. మైదానమంతా మనిషికి మనిషిని అంటగట్టి, ఎవరి మనిషిని వాళ్లు ఎక్కడికి వెళ్లినా వదలొద్దంటాడు. లెవర్కూసెన్‌కి ఎప్పుడూ దొరికే ఆ ఒక్క ఖాళీ మనిషి ఆ రాత్రి దొరకలేదు. బంతి అందుకున్న ప్రతివాడి వీపు మీద ఒకడున్నాడు. 12వ నిమిషంలో లెవర్కూసెన్ మిడ్‌ఫీల్డర్ ఎసెకియెల్ పలాసియోస్ వెనక నుంచి అటలాంటా ఆటగాడు అడెమోలా లుక్‌మన్ దూరి, అతని ముందే బంతి అందుకుని మొదటి గోల్ కొట్టాడు. 26వ నిమిషంలో రెండోది, 75వ నిమిషంలో మూడోది. 3-0.

మూడు రోజుల తర్వాత బెర్లిన్‌లో జర్మన్ కప్ ఫైనల్. ఎదురుగా రెండో డివిజన్ జట్టు కైజర్స్‌లాటర్న్. ఆట మొదలైన పావుగంట దాటీ దాటగానే జాకా దూరం నుంచి కొట్టిన బంతి గోల్ మూలకి వెళ్లింది. విరామానికి ముందే డిఫెండర్ ఒడిలోన్ కొసునూ రెండో యెల్లో కార్డుతో మైదానం వదిలాడు. ముగ్గురి ఏర్పాటులో ఒకడు తగ్గాడు, ఇంకో సగం ఆట మొత్తం మిగిలి ఉంది. అప్పటికి ఏడాదిన్నరకు పైగా నేర్చుకున్న కదలికలతో పదిమందే ఆ ఖాళీని సర్దుకుంటూ ఆఖరి విజిల్ దాకా 1-0ని కాపాడారు. లీగ్‌తో పాటు కప్పు కూడా లెవర్కూసెన్‌కే దక్కింది.